అందరికీ నాలుగే

ఫిబ్రవరి 5, సోమవారం

ఈ పుస్తకం మా డైరెక్టరు డ్వైట్ ఇచ్చాడు. అట్ట మీద మా ఫౌండేషన్ ముద్ర, దాని కింద "మన కౌంటీ, మన చేయూత" అని బంగారు అక్షరాలు. "మారిట్, నీకొచ్చే కోపాన్ని మీటింగుల్లో కాకుండా ఇందులో పెట్టుకో" అన్నాడు, ఎంతో మర్యాదగా. ఆ మర్యాదే వీళ్ళందరి రోగం. సరే, పెట్టుకుంటున్నాను.

ఇవాళ నేనన్నది ఒక్కటే మాట. "ఇవి మార్కులా, పుట్టినరోజు దీవెనలా?" అంతే. కమిటీ ఐదుగురూ ఒకేసారి తమ తమ కాఫీ కప్పుల్లోకి చూశారు, అందులో చేప పడ్డట్టు.

అక్టోబరులో మా ఫౌండేషన్ ఇచ్చే డబ్బు కోసం పంతొమ్మిది దరఖాస్తులొచ్చాయి. ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు దాకా మార్కులెయ్యాలి. ఐదుగురూ పంతొమ్మిదింటికీ నాలుగే వేశారు. ఐదు వేస్తే పొగిడినట్టుంటుందట. మూడు వేస్తే పాపం ఎవరి మనసో నొచ్చుకుంటుందట. అన్నీ సమానమైతే డైరెక్టరు తేల్చాలని రూలు. డ్వైట్ తేల్చే పద్ధతి ఏమిటంటే, ఏ దరఖాస్తు లావుగా ఉంటే దానికిచ్చెయ్యడం. దాన్ని "సమగ్రత" అంటాడు. అలా పాతికవేల డాలర్లు గోల్ఫ్ క్లబ్బు వాళ్ళ చెక్క వంతెనకి పోయాయి. దాని కింద నీళ్ళు కూడా లేవు.

మా ఊరి అంబులెన్సు వాళ్ళది అరపేజీ. అది తిరిగొచ్చింది. బండిలో పనిచేసేవాళ్ళు ఆరుగురు, అందరూ జీతం లేని వాళ్ళే. అందరిలోకీ కుర్రాడు మా నాన్న, యాభై ఎనిమిది. స్ట్రెచరు చేతుల్తో ఎత్తాలి. ఆరుగురిలో ఇప్పుడు ఎత్తగలిగేది ముగ్గురు. బటన్ నొక్కితే తనే పైకి లేచే స్ట్రెచరు దొరక్కపోతే మే ఒకటిన బండి ఆపేస్తామని వాళ్ళ నాయకుడు లైల్ చెప్పేశాడు. ఆపేస్తే ఇక ఎవరికి గుండె నొప్పొచ్చినా నలభై ఒక్క మైళ్ళ అవతల నుంచి రావాలి, మంచులో.

ఇది నాన్న గురించి కాదు. పద్ధతి గురించి.

ఫిబ్రవరి 6

రాజీనామా ఉత్తరం రాశాను. రెండు పేరాలు. బాగా వచ్చింది.

ఫిబ్రవరి 8

పాత బీరువా సర్దమన్నారు. 1926 నాటి నిధి కాగితం ఒకటి దొరికింది. ఎవరో పెద్దాయన వీలునామాలో డబ్బు వదిలాడు, "మెయిన్ వీధిలో గుర్రాలు నీళ్ళు తాగే తొట్టి నిర్వహణకు మాత్రమే" అని. గుర్రాలు లేవు. తొట్టి లేదు. డబ్బు మాత్రం దాదాపు వందేళ్ళుగా పిల్లలు పెడుతోంది. దాన్ని వేరే పనికి మళ్ళించే అధికారం మా బోర్డుకి ఉంది. ఆ సంగతి మూడో నంబరు ఫైల్లో రాసి ఉంది, నేను చదివాను. డ్వైట్‌ని అడిగితే "ఆయన కుటుంబం వాళ్ళు బాధపడతారేమో" అన్నాడు.

ఏ కుటుంబం? గుర్రాల కుటుంబమా?

ఫిబ్రవరి 12, సోమవారం

ఆర్డిస్ టోలెఫ్‌సన్ గారింటికి నన్ను పంపారు. డ్వైట్‌కి జలుబు. ఎనభై నాలుగేళ్ళావిడ, ముప్ఫై ఒక్కేళ్ళు బడిలో వంటమనిషి. నేనూ ఆవిడ చేతి కూడు తిన్నదాన్నే. ఎనభై ఎకరాలుంది, పిల్లల్లేరు. "చాలా సున్నితమైన విషయం, జాగ్రత్తగా మాట్లాడు, మన ఫౌండేషన్ బొమ్మల పుస్తకం ఆవిడ చేతిలో పెట్టు, నవ్వు" అని డ్వైట్ ఫోనులో తుమ్ముతూ నాలుగుసార్లు చెప్పాడు.

ఆవిడ కాఫీ పోసి ఖర్జూరం బిళ్ళల పళ్ళెం ముందుకు తోసింది. మా వైపు పద్ధతి ప్రకారం మొదటిసారి "అబ్బే, వద్దండీ" అనాలి. రెండోసారి "మీకెందుకు శ్రమ" అనాలి. మూడోసారి అడిగితే అప్పుడు, వాళ్ళ కోసమే అన్నట్టు, చిన్న ముక్క తీసుకోవాలి. నేను రెండు తీసుకున్నాను.

"మొదటిసారికే?" అంది కళ్ళజోడు పైనుంచి.

"ఆకలేస్తోందండీ."

"ఊఁ. మీ అమ్మ పెంపకం కాదన్నమాట."

"టర్కీ కోళ్ళ ఫ్యాక్టరీ పెంపకం. పన్నెండో తరగతి అవగానే రెండేళ్ళు చేశాను. అక్కడ మూడోసారి ఎవరూ అడగరు."

ఆవిడ నవ్వలేదు గానీ పళ్ళెం ఇంకాస్త ఇటు జరిపింది. తర్వాత డ్వైట్ పుస్తకం తీసింది. అట్ట మీద చెరువు, చెరువులో సూర్యాస్తమయం. లోపల కూడా సూర్యాస్తమయాలే, అయిదో ఆరో.

"ఇది నా గురించేనా?" అంది బొమ్మ మీద వేలుపెట్టి.

"అందరికీ అదే బొమ్మండీ."

"మీ ఆఫీసులో ఎవరికీ పొద్దున్నే లేచే అలవాటు లేదా?"

నేను పుస్తకం మూసేసి సంగతి చెప్పాను. ఇల్లూ పొలమూ ఇప్పుడే ఫౌండేషన్ పేర రాసెయ్యొచ్చు. బతికున్నన్నాళ్ళూ ఆవిడ అక్కడే ఉంటుంది, కౌలు ఆవిడే తీసుకుంటుంది, పన్నులో కొంత కలిసొస్తుంది. ఆవిడ పోయాక పొలం మాది. ఏటేటా దాని మీద వచ్చేది కౌంటీలో ఎవరికి అవసరమైతే వాళ్ళకి పోతుంది. "పోయాక" అనే మాట మూడుసార్లు అన్నాను. డ్వైట్ అయితే "కాలక్రమేణా" అంటాడు.

"ఇవన్నీ ఏ కాలేజీలో చెప్పారు నీకు?"

"లైబ్రరీలో. పన్నుల పుస్తకాలు. ఫ్యాక్టరీ షిఫ్టు అయ్యాక."

"మరి ఎవరికి అవసరమో తేల్చేదెవరు?"

"కమిటీ."

"ఎలా తేలుస్తారు?"

కప్పు కింద పెట్టి "బాగా తేల్చరు" అన్నాను.

ఆవిడ పుస్తకాన్ని నా వైపు తోసేసింది. "పుచ్చకాయ కూడా తట్టి చూడకుండా కొనను నేను. ఆ మీటింగు ఎప్పుడో చెప్పు, వచ్చి కూర్చుంటాను. చూసి నచ్చితే సంతకం. లేకపోతే పొలం మా చర్చికి."

డ్వైట్‌కి చెప్పాను. జలుబు ఎక్కువైంది.

ఫిబ్రవరి 15

దరఖాస్తులకి ఆఖరి రోజు. మొత్తం ఇరవై రెండు.

గోల్ఫ్ క్లబ్బు మళ్ళీ వేసింది. ఈసారి మెరిసే అంకెల స్కోరుబోర్డు కోసం. నలభై ఆరు పేజీలు, రంగుల్లో, స్ప్రింగు బైండింగు.

అంబులెన్సుది లైల్ చేత్తో రాసి తెచ్చాడు. మా నాన్న అందులో ఉన్నాడు కాబట్టి నేను ఒక్క అక్షరం సాయం చెయ్యకూడదు. చెయ్యలేదు. మొదటి రోజే నాన్న సంగతి కాగితం మీద రాసి సంతకం పెట్టిచ్చాను. కానీ చదవకుండా ఎలా ఉంటాను, ఫైల్లో పెట్టాల్సింది నేనే కదా.

ఏడో ప్రశ్న: మీ ఫలితాలను ఎలా కొలుస్తారు? జవాబు: "తూకంతో. పోయిన వారం పేషెంటు మూడొందల పది పౌన్లు."

తొమ్మిదో ప్రశ్న: మీ సంస్థ దీర్ఘకాల నిలకడ గురించి వివరించండి. జవాబు: "నిలకడ లేదు. ముసలాళ్ళం. అందుకే అడుగుతున్నాం."

లైల్ టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. "ఇంకొంచెం రాయమంటావా?"

"నేనేం చెప్పకూడదు లైల్."

"అంటే రాయాలనా?"

"అంటే నేనేం చెప్పకూడదనే!"

"అరవకు తల్లీ. ఇరుగుపొరుగు అనుకుంటారు."

ఫిబ్రవరి 20

నాన్న మధ్యాహ్నం అంబులెన్సులో మెక్‌క్రే వాళ్ళ పిలుపుకి వెళ్ళొచ్చాడు. రెండో అంతస్తు, మలుపు మెట్లు. ఇంటికొచ్చి కుర్చీలో కూర్చోడానికి చాలాసేపు పట్టింది. ముందు బల్ల పట్టుకున్నాడు, తర్వాత కుర్చీ చెయ్యి, తర్వాత గాలి.

"ఎలా ఉంది నడుము?"

"మరీ దారుణంగా ఏం లేదు."

"నాన్నా, డాక్టరేమన్నాడు?"

"ఏమంటాడు. వాళ్ళు అంటూనే ఉంటారు."

ఇంకొక్కసారి బరువెత్తితే ఆపరేషనేనని డాక్టరన్నాడు. అది నాన్న చెప్పలేదు, మందుల షాపావిడ చెప్పింది. పిలుపొచ్చి ఎవరూ లేకపోతే నాన్న ఎత్తుతాడు, అది మాత్రం ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇది నాన్న గురించి కాదు. మెక్‌క్రే వాళ్ళ గురించి, అందరి గురించి.

ఫిబ్రవరి 21

రాజీనామాలో మూడో పేరా చేర్చాను.

మార్చి 2, శనివారం

మార్కుల కాగితాలు పోస్టులో వచ్చేశాయి. ఐదుగురు, ఇరవై రెండు దరఖాస్తులు. కూడికలు వేశాను. భాగించాను. ఇరవై రెండూ నాలుగు. పాయింటు సున్నా. నాలుగు, నాలుగు, నాలుగు, కోడి గుడ్లు పెట్టినట్టు వరసగా.

కమిటీలో పెద్దావిడ కొరీన్ కిరాణా కొట్లో కనపడితే గుడ్ల అర దగ్గర పట్టుకున్నాను.

"గోల్ఫ్ బోర్డు నిజంగా నాలుగేనా, కొరీన్ గారూ?"

"అంత కష్టపడి రాశారు కదమ్మా. స్ప్రింగు కూడా వేశారు."

"అంబులెన్సో?"

"పాపం లైల్. అది కొంచెం... వేరుగా ఉంది." చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "కానీ మా ఆయన్ని బాత్రూంలోంచి మోసుకెళ్ళింది వాళ్ళే. మీ నాన్నే."

"అయితే దానికి ఐదు వెయ్యొచ్చుగా?"

"అప్పుడు మిగతావాళ్ళు ఏమనుకుంటారు?"

"వాళ్ళకి తెలియదండీ! రహస్యం అది!"

"నాకు తెలుస్తుంది కదా" అంది. గుడ్ల డబ్బా తెరిచి ఒక్కో గుడ్డూ తిప్పి చూసి, రెండు పగిలినవి తీసి పక్కన పెట్టింది. గుడ్లకైతే మార్కులు వెయ్యగలరు వీళ్ళు!

ఇది నాన్న గురించి కాదు. కూడికల గురించి. నేను ఫ్యాక్టరీలో కోళ్ళకి గ్రేడు వేసినదాన్ని. గ్రేడంటే ఏమిటో నాకు తెలుసు.

మార్చి 6, బుధవారం

దొరికింది.

ఈస్టరు ముందు నలభై రోజుల లెంట్‌లో ప్రతి బుధవారం చర్చి కింది హాల్లో అందరూ తలా ఒక వంట తెచ్చే భోజనం. ఇవాళ గిన్నెలు తోమే వంతు నాది. డ్వైట్ భార్య ఆకుపచ్చ జెల్లీ తెచ్చింది. అందులో క్యారెట్ తురుము, చేప ముక్కలు. ఆ బల్ల చుట్టూ నేను విన్న మాటలు: "అబ్బ, రంగు బాగుంది." "వేరుగా ఉంది, కదా?" "రెసిపీ ఇవ్వాలి సుమా." ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు ముఖం చిట్లించలేదు.

భోజనాలయ్యాక ట్రేలు నా సింకు దగ్గరికొచ్చాయి. జెల్లీ ట్రే తెచ్చినట్టే ఉంది, అంచున ఒక స్పూను గాటు. ఓవెన్లో కాల్చిన బంగాళాదుంపల హాట్‌డిష్ ట్రే మాత్రం అడుగు గీకి మరీ తిన్నారు, మూలల్లో మాడిన చెక్కు కూడా లేదు.

చేతులు నీళ్ళలో అలాగే ఉంచేసి నిలబడిపోయాను. ఎవర్నీ ఎవరూ ఏమీ అనలేదు. ఎవరి మనసూ నొచ్చుకోలేదు. అయినా నిజం మొత్తం నా సింకులో ఉంది.

పక్కన గిన్నెలు తుడుస్తున్న ఆర్డిస్ గారు "ఏమైంది పిల్లా, చెయ్యి కోసుకున్నావా?" అంది.

"బడిలో పిల్లలకి ఏది నచ్చిందో మీకెలా తెలిసేది?"

"అడిగితే నాలుక బయటపెట్టేవాళ్ళు. అడగడం మానేసి చెత్తడబ్బా చూసేదాన్ని."

మార్చి 7

డ్వైట్‌తో.

"గింజలా?" అన్నాడు.

"ఎండు చిక్కుడు గింజలు. మనిషికి ఇరవై. ఇరవై రెండు రేకు ట్రేలు, ఒక్కోదాని మీద ఒక దరఖాస్తు పేరు, పైన కాగితం మూత, మూతకి చిన్న చీలిక. అందరూ ఒకేసారి బల్ల చుట్టూ తిరుగుతారు, చర్చి భోజనంలోలాగా. ఎవరికీ తక్కువ వెయ్యక్కర్లేదు. కావలసినదాంట్లో ఎక్కువ వడ్డిస్తే చాలు."

"నియమావళి ఒప్పుకోదు మారిట్."

"పదకొండో పేజీ. 'కమిటీ తనకు తోచిన పద్ధతిలో దరఖాస్తులను పోల్చును.' మార్కులనే మాటే లేదు."

"నువ్వు నియమావళి చదివావా?"

"మూడుసార్లు. మీరు?"

కిటికీలోంచి బయటికి చూస్తూ ఒక మాటన్నాడు. ఇది రాసుకోవాలి, ఎందుకంటే నేను ఊహించలేదు. "నాకు మాత్రం తేల్చడం ఇష్టమనుకున్నావా? పద్నాలుగేళ్ళుగా, కాదన్న ప్రతివాడూ కొట్లో నాకు ఎదురుపడతాడు. లావుగా ఉన్నదానికిస్తే కనీసం కారణం ఉందని చెప్పుకోవచ్చు."

అంటే ఈయనా నాలుగేసే మనిషే. కాకపోతే చివర్లో ఒక్కడే తేల్చాలి.

"మీ నాన్న సంగతి అందరికీ తెలుసు" అన్నాడు మళ్ళీ.

"అందుకే నేను గదిలో ఉండను. ట్రేలు సర్ది బయటికి పోతాను. లెక్క మీరు పెట్టండి."

"పద్ధతి నీదే కదా?"

"బాగాలేకపోతే కమిటీనే కాదనమనండి."

"వాళ్ళా? కాదనడమా?" అన్నాడు. అని, తన మాటకి తనే నవ్వడం మొదలుపెట్టాడు. డ్వైట్ పళ్ళు మొదటిసారి చూశాను.

మార్చి 14, గురువారం

మెల్లగా రాస్తాను, మొత్తం రాస్తాను.

ట్రేలు కిరాణా కొట్టువి, కేకులు కాల్చేవి. మూతలు నిన్న కత్తిరించాను. పేర్లన్నీ ఒకే సైజు అక్షరాల్లో రాశాను, ఎవరూ లావు కాదు. ఆర్డిస్ గారు పదిహేను నిమిషాలు ముందే వచ్చి మూల కుర్చీలో చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కమిటీకి పద్ధతి డ్వైట్ చెప్పాడు. నాకు తోచినదానికంటే బాగా చెప్పాడు. ఎవరూ కాదనలేదు. కొరీన్ మాత్రం "ఇది వేరుగా ఉంది" అంది. చేప జెల్లీకి అన్నదీ అదే మాట.

తర్వాత, సొంత సంబంధం ఉన్నవాళ్ళు బయటికెళ్ళాలి. నేను లేచాను. కమిటీలోంచి రోజర్ కూడా లేచాడు. ఆయన గోల్ఫ్ క్లబ్బు కార్యదర్శి. వరండాలో ఒకే బెంచీ. తప్పదు, పక్కపక్కన కూర్చున్నాం.

తలుపు మూశారు. కాసేపు ఏమీ లేదు. తర్వాత కుర్చీల చప్పుడు, అడుగులు, తర్వాత టిక్. రేకు మీద గింజ. ఇంకోటి. టిక్ టిక్. రేకుల కప్పు మీద వాన మొదలైనట్టు. ఏ గింజ దేనిలో పడుతోందో తెలియదు. నాకు పిచ్చెక్కింది.

"నీకో మాట చెప్పనా?" అన్నాడు రోజర్, బూట్లకేసి చూస్తూ. "ఆ స్కోరుబోర్డు మాకు అక్కర్లేదు."

"ఏంటీ?"

"మాలో ఒకాయన మేనకోడలు దరఖాస్తులు రాయడం నేర్చుకుంటోంది. రాసిపెడతానంది. వద్దంటే ఆ పిల్ల చిన్నబుచ్చుకుంటుందని..."

"వంతెన?"

"అదీ ఆ పిల్లే."

నలభై ఆరు పేజీలు! స్ప్రింగు బైండింగు! ఎవరికీ అక్కర్లేని బోర్డు కోసం, ఎవరూ వద్దనలేక! నేను తిట్టడానికి నోరు తెరిచాను, నవ్వొచ్చేసింది. రోజర్ కూడా నవ్వాడు, భయంభయంగా. లోపల్నుంచి ఎవరో "ష్" అన్నారు. ఇంకా నవ్వొచ్చింది.

ఇది నాన్న గురించి కాదని రోజర్‌తో కూడా అన్నాను. "ఏది?" అన్నాడు. ఏదో నేనూ చెప్పలేకపోయాను.

తలుపు తెరిచింది డ్వైట్. చేతిలో కాగితం. నలుగురివి మొత్తం ఎనభై గింజలు. గోల్ఫ్ ట్రేలో సున్నా. రోజర్ "అమ్మయ్య" అన్నాడు, గట్టిగానే. లైబ్రరీ ర్యాంపుకి పదమూడు. వేడి భోజనాల వ్యానుకి పద్దెనిమిది. నాకు నచ్చిన కుట్టుమిషన్ల క్లాసుకి రెండే రెండు. దానికి డబ్బు రాదు, మండుతోంది, మేలో వాళ్ళ దగ్గరికెళ్ళి మళ్ళీ రాయమంటాను.

అంబులెన్సుకి ముప్ఫై నాలుగు.

"ముప్ఫై నాలుగు" అని నేను పైకే అన్నాను. డ్వైట్ "రెండుసార్లు లెక్కపెట్టాను" అన్నాడు. కొరీన్ నా వైపు చూడకుండా కోటు గుండీలు పెట్టుకుంటోంది. ఆవిడ పిడికిలి నిండా వేసి ఉంటుందని నాకనిపించింది. అడగను. రహస్యం అది.

ఆర్డిస్ గారు అందరూ వెళ్ళేదాకా కూర్చుని, లేచి ఒక్కో ట్రే మూతా ఎత్తి చూసింది. నిండినవి కాదు, ఖాళీవే ఎక్కువసేపు చూసింది.

"కాగితాలు తే" అంది.

డ్వైట్ పరుగెత్తాడు. "మీరు ఏదైనా ప్రత్యేక ప్రయోజనం కోరుకుంటే, మీ పేర ఒక గది, ఒక స్కాలర్‌షిప్..."

"గుర్రాల తొట్టి సంగతి ఈ పిల్ల చెప్పింది" అంది ఆవిడ. "షరతు ఒక్కటీ పెట్టను. పెడితే వందేళ్ళ తర్వాత ఎవత్తో ఒకత్తి బీరువా సర్దుతూ నన్ను తిట్టుకుంటుంది." సంతకానికి ముందు కలం ఆపింది. "ఒక్క మాట. నా ఫొటో ఎక్కడైనా వేస్తే పొద్దుటి పూట తీసింది వెయ్యండి."

మార్చి 15

రాజీనామా వెతికాను. దాని వెనకే డ్వైట్ గింజల లెక్క రాశాడట, నా బల్ల మీద అదే దొరికిందని. చదివాడా అంటే, "ముందు వైపు చూడలేదు" అన్నాడు.

చదివాడు. మూడో పేరాలో ఒక అక్షరం తప్పు దిద్ది ఉంది.

ఏప్రిల్ 9

చెరువు మీద మంచు కరిగింది. బూట్ల నిండా బురద. గుర్రాల తొట్టి డబ్బు సంగతి బోర్డు ముందుకొచ్చింది. ఆ పెద్దాయన మనవరాలు దొరికింది, తొంభై ఒకటి. ఫోను చేశాను. "ఏ గుర్రాలు?" అంది. డబ్బు ఇప్పుడు కుక్కల ఆశ్రమంలో నీళ్ళ పైపులకి. కనీసం తాగేది జంతువులే.

ఏప్రిల్ 27, శనివారం

స్ట్రెచరు వచ్చింది. ఫైర్‌స్టేషన్ ముందు అందరూ చేరారు. పరీక్షకి బరువైన మనిషి కావాలన్నాడు లైల్. అందరూ నేలకేసి చూశారు. అప్పుడు డ్వైట్ టై విప్పి నా చేతికిచ్చి స్ట్రెచరు మీద పడుకున్నాడు, చేతులు గుండెల మీద పెట్టుకుని.

"చచ్చిపోయినట్టు ఎందుకు పడుకున్నావయ్యా?" అంది ఆర్డిస్ గారు.

"కాలక్రమేణా అలవాటైంది" అన్నాడు డ్వైట్. జనం ఒక్కసారిగా గొల్లుమన్నారు.

బటన్ నాన్న నొక్కాడు. ఒక్క వేలు. గుయ్యిమంటూ డ్వైట్ మొత్తం పైకి లేచి, బండిలోకి జారిపోయి, తిరిగొచ్చాడు. నాన్న మళ్ళీ నొక్కాడు. దించాడు. మళ్ళీ ఎత్తాడు. ఐదోసారికి డ్వైట్ "చాలు, కళ్ళు తిరుగుతున్నాయి" అన్నాడు, అయినా ఇంకోసారి ఎత్తాడు.

"ఎలా ఉంది నాన్నా?"

వేలికేసి చూసుకున్నాడు. "మరీ దారుణంగా ఏం లేదు" అన్నాడు. పెదాల మూల కదిలింది.

ఆర్డిస్ గారు ఖర్జూరం బిళ్ళల పళ్ళెం పట్టుకుని అందరి దగ్గరికీ వస్తోంది. అబ్బే వద్దండీ, మీకెందుకు శ్రమ, అబ్బే వద్దండీ. నాన్న దగ్గరికొచ్చింది. నాన్న నిటారుగా నిలబడి, మొదటిసారికే చెయ్యి చాచాడు. రెండు తీసుకున్నాడు.

ఏప్రిల్ 28

"ఇది నాన్న గురించి కాదు" అని ఈ పుస్తకంలో ఎన్నిచోట్ల రాశానో వెనక్కి తిరిగి చూశాను. నాలుగు.

ఇక్కడా నాలుగే.